పదమూడు లూపుల పెట్టె: థ్రాబింగ్ గ్రిసిల్ వారి ‘గ్రిసిలిజం’

మా ఇంటి పూజగదిలో, గోడకున్న ప్లగ్గులో నేరుగా గుచ్చే మంత్రాల పెట్టె ఒకటి ఉంది. తెల్లవారగానే అమ్మ దాని స్విచ్ వేస్తే గాయత్రీ మంత్రం మొదలై, ఆవిడ వంటింటి పని ముగించుకుని వచ్చి ఆపేదాకా సాగుతూనే ఉంటుంది. మంత్రం పూర్తయి మళ్ళీ మొదటికి వచ్చే చోట ‘టిక్’ మని ఒక చిన్న చప్పుడు వినిపిస్తుంది. పాడిన గాయకుడిది కాదు, పెట్టెది ఆ చప్పుడు. కొన్నేళ్ళుగా వింటూ వింటూ నాకు మంత్రం కన్నా ఆ టిక్కే ఎక్కువ గుర్తుండిపోయింది. ఇప్పుడు నేను సమీక్షించబోతున్న వస్తువు ఆ పెట్టెకు దూరపు చుట్టం. ఆ చుట్టరికం నేను సరదాకు కలుపుతున్నది కాదు, నిజంగా ఉన్నదే.

‘గ్రిసిలిజం’ అరచేతిలో ఇమిడే నలుచదరపు ప్లాస్టిక్ పెట్టె. లోపల ఒక స్పీకరు, పెన్సిల్ బ్యాటరీలు రెండు, లూపు మార్చే మీట, ధ్వని స్థాయికీ పిచ్‌కీ (స్వరం హెచ్చుతగ్గులకు) నియంత్రణలు, చిప్‌లో శాశ్వతంగా నింపిన పదమూడు లూపులు, అంటే ఆగకుండా తిరిగి తిరిగి మోగే శబ్దపు ముక్కలు, ఉంటాయి. కొత్త పాటలు ఎక్కించుకోవడం కుదరదు, ఉన్నవి తీసెయ్యడమూ కుదరదు. ఒక లూపు ఎంచుకుంటే బ్యాటరీ అయిపోయేదాకా అదే తిరుగుతుంది. లండన్‌కు చెందిన థ్రాబింగ్ గ్రిసిల్ బృందం దీన్ని తమ సొంత సంస్థ ఇండస్ట్రియల్ రికార్డ్స్ ద్వారా 2009లో విడుదల చేసింది. ‘ఇండస్ట్రియల్’ అనే పేరు, కరకు శబ్దాలతో సాగే ఒక సంగీత ధోరణికి స్థిరపడిందే ఈ బృందం 1976లో పెట్టిన ఆ సంస్థ నుంచి.

పెట్టె ఆలోచన మాత్రం వారిది కాదు. బీజింగ్‌లో పనిచేసిన ఎఫ్ఎమ్-3 అనే ద్వయం, అంటే క్రిస్టియాన్ విరాంట్, జాంగ్ జియాన్ అనే ఇద్దరు సంగీతకారులు, 2005లో ‘బుద్ధా మెషీన్’ పేరుతో తొమ్మిది లూపుల పెట్టెను తయారుచేశారు. దానికి మూలం చైనాలో బౌద్ధ భక్తులు వాడే నామజపపు పెట్టెలు, మన పూజగదుల్లో వాటికి సరిజోడు ఉన్నవే. మరుసటి ఏడాదే మోనోలేక్ పేరుతో సంగీతం చేసే రాబర్ట్ హెంకె, ఆ బుద్ధా మెషీన్ లూపులనే ముడిసరుకుగా తీసుకుని ఒక పూర్తి ఆల్బం చేశాడు. గ్రిసిలిజం ఆ విరాంట్‌తో కలిసి చేసినదే. కనుక ఇందులో దాపరికం లేదు, దొంగతనమూ లేదు. అయినా ఒక ప్రశ్న మిగులుతుంది. ఇండస్ట్రియల్ సంగీతంలో అందరికన్నా ముందు నడిచిన, ఎవరినీ అనుకరించని బృందంగా పేరుపడ్డవారు, ముప్పై ఏళ్ళు దాటాక ఎదుటివారి పెట్టెలో తమ పాత శబ్దాలను నింపి అమ్మడమేమిటి?

ఈ పెట్టెను చాలా రోజులు విన్నాక, ఆ బృందం చరిత్రను పక్కన పెట్టుకుని చూశాక, నాకు తోచినది ఇదీ: వారు మొదటి నుంచీ చేసినది ఇదే. వారి స్వంతం అనుకున్న ప్రతి భాగమూ విడదీసి చూస్తే ఎక్కడో ఒకచోట నుంచి వచ్చినదే అవుతుంది.

వారి ధ్వనికి ప్రాణమైన ‘గ్రిసిలైజర్’ సంగతే తీసుకుందాం. గిటారునైనా, గొంతునైనా, కార్నెట్టునైనా గరగరలాడించి, తునకలు చేసి, అలలుగా ఊపే ఈ పరికరం లేకపోతే థ్రాబింగ్ గ్రిసిల్ లేదన్నంత ముఖ్యమైనది. పేరు కూడా బృందం పేరు మీదుగానే వచ్చింది. కానీ ఆ సర్క్యూట్ రాయ్ గ్విన్ అనే ఆయన రూపొందించినది. ‘ప్రాక్టికల్ ఎలక్ట్రానిక్స్’ అనే బ్రిటిష్ పత్రికలో 1975లో, ఇంట్లో కూర్చుని టంకం వేసుకునే ఔత్సాహికుల కోసం, గిటారు ఎఫెక్ట్ పెడల్‌గా అచ్చయింది. ఆ సంచిక ఎందరి చేతుల్లో పడిందో ఊహించుకోవచ్చు. మన దగ్గర కూడా రేడియో కిట్లు బిగించుకునే కుర్రవాళ్ళకు ఇలాంటి పత్రికలంటే ఎంత మోజుండేదో పాత తరంవారికి తెలుసు. అంతమందికి అందుబాటులో ఉన్న బొమ్మను చూసి బృందం సభ్యుడు క్రిస్ కార్టర్ దాన్ని తనకు కావలసినట్టు మార్చుకున్నాడు, తోటివారికీ చేసి ఇచ్చాడు. అందరూ గిటారుకు కాస్త రంగు పూయడానికి ఉద్దేశించిన సర్క్యూట్‌లోంచి బృందంలోని శబ్దాలన్నిటినీ పంపడం, పాట ఉన్నంతసేపూ పంపడం, అదీ ఆయన చేసిన పని. సర్క్యూట్ గ్విన్‌దే, మొండితనం వీరిది.

ఇలాంటివే మిగిలినవీ. కార్టర్‌కు అబ్బా బృందమంటే ఇష్టం. 1978 నాటి ‘డి.ఓ.ఎ.’ ఆల్బంలో అతను ఒంటరిగా చేసిన ‘ఎబి/7ఎ’ పేరులోనే ఆ ఇష్టం కనిపిస్తుంది. భీకర శబ్దాల మధ్య హఠాత్తుగా వచ్చే తేటైన సింథసైజర్ పాట అది. మార్టిన్ డెన్నీ హోటళ్ళలో వాయించిన తీయని ‘ఎక్సాటికా’ సంగీతం వారికెంత ప్రీతి అంటే, 1979 నాటి ‘20 జాజ్ ఫంక్ గ్రేట్స్’లో ఆ పేరుతోనే ఒక పాట ఉంది. తర్వాత 1981లో వచ్చిన సంకలనం అట్ట కూడా డెన్నీ రికార్డుల అట్టలను తలపించేలా చేశారు. మరో సభ్యుడు పీటర్ క్రిస్టఫర్సన్, రాక్ ఆల్బంలకు అట్టలు రూపొందించిన హిప్నోసిస్ సంస్థలో పనిచేసినవాడు. ఇప్పుడు శాంప్లర్ అని పిలిచే యంత్రాలు సామాన్యులకు అందకముందే, క్యాసెట్ ప్లేయర్లను చిన్న కీబోర్డుకు కలిపి, మీట నొక్కితే ఒక టేపు మోగేలా అమర్చుకుని, వీధిలో టేపుల్లో పట్టుకొచ్చిన పరాయివాళ్ళ మాటలను వాయిద్యంలా వాయించాడు. వారి రికార్డుల్లో వినిపించే గొంతులన్నీ వారివి కావు.

పెట్టెలో నేను ఎక్కువసార్లు ఆగిన లూపు ‘హాంబర్గర్ లేడీ’. దాని మూలపాట కూడా ‘డి.ఓ.ఎ.’ లోదే. అందులోని మాటలు బృందం రాసినవి కావు. కాలిన గాయాలతో ఆసుపత్రిలో ఉన్న ఒక స్త్రీ గురించి బ్లాస్టర్ ఆల్ ఆకర్‌మన్ అనే అమెరికన్ కళాకారుడు రాసిన ఉత్తరంలోని వాక్యాలవి. బృందంలో పాడే జెనెసిస్ పి-ఆరిడ్జ్ వాటిని ఏ ఉద్వేగమూ లేకుండా, గొంతు వణికించే ఎఫెక్టు వెనక నుంచి, ఏదో జాబితా చదివినట్టు చదువుతుంటే, కింద సైరన్‌లాంటి ధ్వని ఒకటి ఎక్కుతూ దిగుతూ ఉంటుంది. పాటంతా విన్నప్పుడు మన దృష్టి మాటల మీదే ఉంటుంది, ఆ స్త్రీ ఏమవుతుందోనన్న భయం వదలదు. పెట్టెలో కథ ముందుకు సాగదు. కొద్ది సెకన్ల ముక్క మళ్ళీ మళ్ళీ వస్తుంది. పిచ్ తగ్గిస్తూ పోతే సైరన్ కాస్తా మూలుగవుతుంది. ఇంకా తగ్గిస్తే తెరిపిలేని వానలో దూరంగా నడిచే నీళ్ళ మోటారులా ఉంటుంది. ఒక రాత్రి దాన్ని బల్లమీద అలాగే వదిలేసి వేరే పని చేసుకున్నాను. అరగంట తర్వాత అది భయపెట్టడం మానేసి, ఫ్యాను చప్పుడులా గదిలో కలిసిపోయింది. ఆ సంగతి నన్ను మొదటి భయం కన్నా ఎక్కువ కలవరపెట్టింది. కాలిన గాయాల వార్డులో పనిచేసేవారికి కూడా నెల తిరిగేసరికి ఇలాగే అలవాటవుతుందేమో. పాట చెప్పదలచుకున్నది అదేనేమో. రికార్డు విన్నన్నాళ్ళూ నాకీ ఆలోచన రాలేదు. పెట్టె కొన్నందుకు దక్కిన ప్రతిఫలంగా దీన్నే లెక్కవేసుకుంటాను.

మరుసటి ఉదయం అమ్మ వచ్చి, “ఇదేం స్తోత్రం రా, తిరగేసి చదువుతున్నట్టుంది?” అని అడిగింది. సమీక్షకుల్లో ఎవరూ ఇంత సూటిగా చెప్పగా నేను చదవలేదు.

ఇక ఈ బృందం నుంచి ఇతరులు ఏమి తీసుకున్నారన్న ప్రశ్నకు వస్తే, తీసుకున్నవారిలో రెండు రకాలు కనిపిస్తారు. శబ్దాన్ని తీసుకున్నవారు కొందరు: గరగర, శవాల బొమ్మలు, సైనిక దుస్తులు, హంతకుల పేర్లు. 1976 అక్టోబరులో లండన్‌లోని ఐసిఎ గ్యాలరీలో వీరు పెట్టిన ప్రదర్శన చూసి ఒక ఎంపీ నాగరికతను కూలుస్తున్నారని దుయ్యబట్టాడు. ఆ బిరుదు తమకూ దక్కాలన్న తాపత్రయంతో వచ్చిన క్యాసెట్లు లెక్కకు మిక్కిలి. వాటి గురించి ఇంతకన్నా చెప్పవలసింది లేదు. పద్ధతిని తీసుకున్నవారు కొద్దిమంది. చేతికి అందినదాన్ని, దాని అసలు పనికి కాక వేరే పనికి వాడడమే ఆ పద్ధతి. పశ్చిమ బెర్లిన్‌లో 1980లో మొదలైన ఐన్‌స్ట్యుర్త్సెండె నొయ్‌బౌటెన్ బృందం మామూలు డ్రమ్ములను పక్కనపెట్టి పాత ఇనుమును వాయించింది. వారిని విన్నాక డెపెష్ మోడ్ వంటి పాప్ బృందం 1983 నాటి ఆల్బం కోసం లండన్‌లోని నిర్మాణ స్థలాలకు టేపురికార్డరుతో వెళ్ళి రేకులనూ గొట్టాలనూ కొట్టి రికార్డు చేసుకుంది. అయిదారేళ్ళు తిరిగేసరికి అదే డెపెష్ మోడ్ పాటలు వింటూ పెరిగిన అమెరికన్ యువకుడు ఒకడు ఆ ఇనుప చప్పుడును మళ్ళీ కోపంతో నింపాడు.

ఆ యువకుడు నైన్ ఇంచ్ నెయిల్స్ సృష్టికర్త ట్రెంట్ రెజ్నర్. ఇండస్ట్రియల్ సంగీతంలో అనుకరణ గురించి మాట్లాడేటప్పుడు అతని ఉదాహరణను మించినది నాకు కనబడదు. క్లీవ్‌ల్యాండ్‌లోని ఒక స్టూడియోలో నేల తుడిచే పని కూడా చేస్తూ, ఖాళీ వేళల్లో అక్కడి యంత్రాలమీదే తన పాటలు తయారుచేసుకున్నాడు. 1989లో వచ్చిన అతని మొదటి సింగిల్ ‘డౌన్ ఇన్ ఇట్’ను, కెనడాలోని వాంకూవర్ బృందం స్కిన్నీ పప్పీ 1986లో చేసిన ‘డిగ్ ఇట్’ పక్కన పెట్టి వినండి. తాళం నడక, మాటలు విసిరే తీరు, శబ్దాలు నరికినట్టు ఆగడం, అన్నీ అక్కడివే. రెజ్నర్ ఈ అప్పును దాచలేదు, తానే బాహాటంగా ఒప్పుకున్నాడు. అంతకుముందు 1988లో స్కిన్నీ పప్పీ కచేరీలకు ముందుగా వాయించినదీ అతని బృందమే. మరి తేడా ఎక్కడుంది? స్కిన్నీ పప్పీలో గాయకుడు ఓగర్ గొంతు ఎఫెక్టుల బురదలో సగం మునిగి ఉంటుంది. ఎవరు మాట్లాడుతున్నారో, మనిషో జంతువో తెలియకూడదన్నదే అక్కడి ఉద్దేశం. రెజ్నర్ అదే తాళం మీద గొంతును కడిగి ముందుకు తెచ్చి, ‘నేను’ అన్న మాటను మధ్యలో నిలబెట్టాడు. ఆ ఒక్క మార్పుతో పాట ఇంటింటికీ చేరింది. దాంతోపాటే, థ్రాబింగ్ గ్రిసిల్ పట్టుబట్టి తొలగించిన స్వంత బాధ, స్వంత గోడు మళ్ళీ వెనక్కి వచ్చేశాయి. నా మట్టుకు ‘డిగ్ ఇట్’ మెరుగైన శబ్దం, ‘డౌన్ ఇన్ ఇట్’ మెరుగైన పాట. రెంటిలో ఏది స్వతంత్రమైనదంటే మొదటిదే అనడం తేలిక. కానీ స్కిన్నీ పప్పీ కూడా థ్రాబింగ్ గ్రిసిల్, క్యాబరే వోల్టేర్ వంటివారు వేసిన బాట మీద నడిచినవారేనన్నది మరచిపోకూడదు.

ఇక్కడ ఒక మాట పక్కకు జరిగి చెప్పాలి. నేను పెరిగినది హైదరాబాదులో, బాలానగర్‌కు దగ్గర్లో. లేత్ మెషీన్లు, పవర్ ప్రెస్సులు ఉన్న షెడ్ల వరసలు దాటి బడికి వెళ్ళినవాడికి యంత్రాల హోరు తిరుగుబాటులా వినిపించదు. అది పక్కింటాయన జీతం, ఎదురింటాయన పోగొట్టుకున్న వేలు. అందుకే ఇనుము మోగించగానే ఒళ్ళు గగుర్పొడవాలని ఆశించే బృందాలు నన్ను త్వరగా విసిగిస్తాయి. థ్రాబింగ్ గ్రిసిల్‌ను మొదటిసారి విన్నప్పుడు ఆశ్చర్యపోయినది కూడా ఇందుకే: పేరులో పరిశ్రమ ఉంది కానీ పాటల్లో ఫ్యాక్టరీ చప్పుడు పెద్దగా లేదు. లండన్‌లోని హ్యాక్నీలో, పాత ఫ్యాక్టరీ భవనం అడుగున ఉన్న తమ స్టూడియోకు ‘డెత్ ఫ్యాక్టరీ’ అని పేరు పెట్టుకున్నారు తప్ప, వారి దృష్టి ఉన్నది సరుకు తయారయ్యే తీరు మీద, అది జనానికి అలవాటయ్యే తీరు మీద. ఒకే ముక్కను వేల సార్లు అచ్చు కొట్టి అమ్మే చవక ప్లాస్టిక్ పెట్టె ఆ దృష్టికి రికార్డుకన్నా బాగా అతుకుతుంది. మొదటి ఎల్‌పీని 1977లో 785 ప్రతులే వేసినవారు చివరికి ఇలాంటి సరుకుకు చేరుకోవడం నాకు దిగజారుడులా అనిపించలేదు.

అలాగని పెట్టెలో లోపాలు లేవని కాదు. ఇంత చిన్న స్పీకరు నుంచి బేస్ ఆశించడం అత్యాశే. ‘పర్సువేషన్’ మూలపాట రెండే స్వరాల బేస్ మీద, చెవిలో గుసగుసలాడే ముప్పులా నడుస్తుంది. పెట్టెలో ఆ బేస్ బరువు పోయి, ముప్పు కాస్తా బొమ్మ కారు తిరుగుతున్నట్టు తేలిపోతుంది. థ్రాబింగ్ గ్రిసిల్ కచేరీల్లో శబ్దం చెవికన్నా ముందు పొట్టకు తగిలేదంటారు. ఆ అనుభవానికి ఈ వస్తువు ఆనవాలైనా కాదు. బృందం సభ్యురాలు కోజీ ఫానీ టుట్టి గిటారు పని కూడా ఇందులో సరిగ్గా పట్టుబడదు. స్వరాలు మీటకుండా తీగను గీకుతూ, స్లయిడుతో జార్చుతూ ఆమె తీసే ధ్వనికి నిమిషాల వ్యవధి కావాలి, లూపులో ఆ జాగా లేదు. లూపులన్నీ సమానంగా లేవన్నదీ నిజం. పదమూడింటిలో నాకు నాలుగైదే మళ్ళీ మళ్ళీ వినాలనిపించాయి, రెండు మాత్రం ఏ బృందం పేరు చెప్పి ఇచ్చినా నమ్మేట్టున్నాయి.

పిచ్ నియంత్రణ ఒక్కటే ఈ లోపాలలో సగాన్ని కప్పేస్తుంది. అది లేకపోతే ఇది అభిమానులు అరలో దాచుకునే బొమ్మ. అది ఉండబట్టి వాయిద్యం. పెట్టె శబ్దాన్ని మైకు ద్వారా కంప్యూటరులోకి తీసుకుని, ఒకే లూపును రెండు వేగాల్లో ఒకదానిమీద ఒకటి పరిస్తే వచ్చే అలల్లో, పిల్లవాడికైనా థ్రాబింగ్ గ్రిసిల్ పని తీరు అర్థమవుతుంది. ఇలా చేసినప్పుడు నాకు వచ్చిన ధ్వని నాదా, వారిదా, విరాంట్‌దా, రాయ్ గ్విన్‌దా అని కాసేపు ఆలోచించి, తేలక, ఫైలుకు తేదీ మాత్రం పెట్టి దాచుకున్నాను.

ఎవరు కొనాలన్న విషయానికి వస్తే, ఈ బృందాన్ని ఇంతవరకూ వినని వారికి పెట్టె మొదటి మెట్టు కాదు. వారు ముందు ‘20 జాజ్ ఫంక్ గ్రేట్స్’ వినాలి. ఇంగ్లండ్ దక్షిణ తీరంలోని బీచీ హెడ్ కొండ అంచున పాప్ గాయకుల్లా ముస్తాబై నవ్వుతూ నిలబడ్డ ఆ అట్టబొమ్మను చూసి, ఆ చోటు ఆత్మహత్యలకు పేరుమోసినదని తెలుసుకుని, అప్పుడు సూది పెట్టాలి. ఇప్పటికే విన్నవారు, అందులోనూ స్వయంగా శబ్దాలతో ఏదో ఒకటి చేసుకునే అలవాటున్నవారు, దొరికితే వదులుకోవద్దు. బృందం 2004లో మళ్ళీ కలిసిన తర్వాతి కాలానికి చెందిన వస్తువు ఇది. 2010లో పి-ఆరిడ్జ్ తప్పుకోవడం, ఆ వెంటనే క్రిస్టఫర్సన్ మరణించడంతో ఆ కలయిక ముగిసింది. ఇప్పుడు ఇది దొరికేది ఎక్కువగా పాత సరుకుల అమ్మకందారుల దగ్గరే. నేను పెట్టిన డబ్బుతో మా పూజగదిలో ఉన్నలాంటి పెట్టెలు పాతిక వస్తాయి.

కొనేముందు బ్యాటరీల అర మూత తెరిచి ఫొటో పంపమని అడగడం మంచిది. నాకు అమ్మినాయన ఎన్నేళ్ళ కిందటి బ్యాటరీలనో లోపలే వదిలేశాడు. అవి కారి స్ప్రింగుల మీద తెల్లటి పొడి పేరుకుని, పెట్టె మొదట పలకనేలేదు. నిమ్మరసంలో ముంచిన దూదితో, పాత టూత్‌బ్రష్షుతో ఒక సాయంత్రమంతా మెల్లగా తుడిచి, బాగా ఆరనిచ్చి, కొత్త బ్యాటరీలు వేస్తే లేచింది. ఇప్పటికీ ఎడమవైపు స్ప్రింగు కాస్త వదులుగానే ఉంది. బల్ల అదిరితే లూపు మధ్యలో ‘టిక్’ మంటుంది.